జెండాకొయ్య నీడ

స్వాతంత్ర్య దినోత్సవము నాడు ప్రతి పాఠశాలలోను జెండా ఎగురును. పిల్లలు వరుసలు తీర్చి నిలుతురు, పెద్దలు మాటలాడుదురు, మిఠాయి పంచినపిదప ఎవరి యిండ్లకు వారు పోవుదురు. ఆ మరునాడు జెండాకొయ్య వంక చూచువారుండరు. కాని తిరుపతి పట్టణములో ఆ మరునాడే, అనగా ఆగష్టు 16వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము 12 గంటల 16, 17 నిమిషముల వేళ ఆ కొయ్యకు నీడ యుండదు. నిలువుగా నాటిన ఏ కొయ్యకును ఉండదు.

ఈ చిన్న సంగతి కంటబడుటకు, సైన్సు ఉపాధ్యాయులమని చెప్పుకొను మాకు నాలుగేండ్లు పట్టినది. అది తెలియని కాలమున ఒక బాలిక విషయమున మేము చేసిన పొరపాటును గూర్చియు, దానివలన మా బోధనలో వచ్చిన మార్పును గూర్చియు నేడు శ్రోతలకు విన్నవింప దలచితిమి. బడికి పోవు పిల్లలున్న ప్రతి యింటికిని ఇందులో కొంత పని కలదని మా నమ్మకము.

మేము 1992లో ఉద్యోగములో చేరితిమి. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోని ఉన్నత పాఠశాలలలో ముప్పదియేండ్లు భౌతిక, రసాయన శాస్త్రములు చెప్పితిమి. తొలినాళ్లలో మా పద్ధతి సులభమైనది. పుస్తకము తెరచి పాఠము చదువుదుము. నల్లబల్లమీద బొమ్మ వేయుదుము. ప్రశ్నలకు జవాబులు వ్రాయింతుము. పిల్లలు నిశ్శబ్దముగా నెక్కించుకొందురు. నిశ్శబ్దముగా నున్నారు గనుక వారికి అర్థమైనదని అనుకొనుచుంటిమి. పరీక్షలో అవే జవాబులు తిరిగి వచ్చుచుండెను గనుక ఆ నమ్మకమునకు సాక్ష్యము కూడ దొరకుచుండెను.

1994 జూన్ మాసాంతమున ఎనిమిదవ తరగతిలో, నీడనుబట్టి దిక్కులు తెలిసికొను విధము చెప్పుచుంటిమి. మధ్యాహ్నపు నీడ ఏ దిక్కున పడునని అడిగితిమి. ఎవరును పలుకలేదు. గోడ ప్రక్క బల్లనుండి ఒక బాలిక లేచి, "దక్షిణంగా సార్" అన్నది. "తప్పు. ఉత్తరముగా పడును" అంటిమి. ఆ పిల్ల కూర్చుండలేదు. "మా అవ్వ పూలగంప గోడకు దక్షిణం పక్కే పెడతాది సార్. ఇప్పుడు నీడ ఆ పక్కే వస్తాది" అన్నది.

తరగతి గొల్లుమన్నది. మేమును నవ్వితిమి. "పూలగంప సంగతి కాదమ్మా, పుస్తకములోని సంగతి చెప్పు" అని ఆమెను కూర్చుండబెట్టి, మా చేతిలో నుండిన పుస్తకమునందలి బొమ్మను నల్లబల్లమీద వేసి, నీడ చివర "ఉత్తరము" అని వ్రాసితిమి. నలుబదిమందియు ఎక్కించుకొనిరి. ఆమెయు ఎక్కించుకొన్నది.

అప్పుడు వేళ మధ్యాహ్నమునకు దగ్గరగానే యున్నది. బయట ఎండ కాయుచున్నది. పది యడుగులు నడచి వసారా దాటినచో జెండాకొయ్య యున్నది. మేము నడువలేదు. ఆ యేడాది మిగిలిన దినములలో ఆ బాలిక మా తరగతిలో తనంతట తాను లేచి జవాబు చెప్పినట్లు మాకు జ్ఞాపకము లేదు.

రెండేండ్లు గడచినవి. 1996 ఆగష్టు 16వ తేదీన, ముందునాడు కట్టిన రంగుకాగితముల తోరణములను పిల్లలచేత విప్పించుచు జెండాకొయ్య చెంత నిలిచియుంటిమి. చెమట పట్టి, కొయ్య నీడలోనికైన జరుగుదమని చూడగా, నిలుచుటకు నీడ కనబడలేదు. కొయ్య మొదలున నల్లని గీతయైన లేదు. పిల్లల నీడలు వారి పాదముల క్రిందనే ముడుచుకొనియున్నవి. మొదట ఆశ్చర్యము, పిదప ఒక అనుమానము కలిగినవి. ఆ రాత్రి అట్లాసు తెరచి తిరుపతి అక్షాంశము చూచితిమి. భూమధ్యరేఖకు 13 డిగ్రీల 38 నిమిషముల ఉత్తరమున ఈ పట్టణము కలదు. సూర్యుడు ఉత్తరమున కర్కటరేఖ వరకు, అనగా ఇరువదిమూడున్నర డిగ్రీల వరకు పోయివచ్చును. పోవునప్పుడు ఏప్రిల్ 26వ తేదీ ప్రాంతమున మన నడినెత్తిని దాటును. వచ్చునప్పుడు ఆగష్టు 16వ తేదీ ప్రాంతమున మరల దాటును. నడుమనున్న 112 దినములు సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. మధ్యాహ్నపు నీడ దక్షిణముననే పడును.

అంతియే కాదు. ఆ దినములలో ఉదయము మొదలు సాయంత్రము వరకు సూర్యుడు ఉత్తరపు వైపు విడువడు. తూర్పు పడమరలుగా నున్న గోడకు దక్షిణపు ప్రక్క రోజంతయు నీడయే. పూలు వాడకుండ గంప పెట్టుకొనుటకు అంతకన్న మంచి చోటు లేదు. మా పుస్తకములోని బొమ్మ కర్కటరేఖకు ఉత్తరముననున్న దేశములకు సరిపోవునది. అచ్చట మధ్యాహ్నపు నీడ ఏడాది పొడవునను ఉత్తరముగానే పడును. ఆంధ్రదేశమంతయు ఆ రేఖకు దక్షిణమున నున్నది. ఆ బొమ్మను గీచినవారు తిరుపతి వీధిని చూడలేదు. చూచిన పిల్లను మేము కూర్చుండబెట్టితిమి.

మరునాడు ఆ బాలికకై విచారించితిమి. ఎనిమిదవ తరగతితో చదువు చాలించి మేనమామగారి యూరికి పోయినదని తెలిసినది. మా మాటవలననే ఆమె చదువు మానినదని అనలేము. ఇంటి యిబ్బందులు వేరే కలవు. ఆ యిబ్బందుల నెదిరించి బడికి పోవుటకు కావలసిన ఉత్సాహములో కొంత మేమును తీసివైచితిమేమో యను తలంపు మాత్రము నేటికిని మమ్ము విడువలేదు.

ఆ గోడ చెంతకు పోయితిమి. అవ్వ యున్నది. మనుమరాలు చెప్పినదే సరియనియు, మేము చెప్పినది తప్పనియు ఆమెతో చెప్పితిమి. ఆమె మాల కట్టుచునే విని, "పొద్దు ఆ పక్కకు పోతే నీడ ఈ పక్కకు రాదా అయ్యా? దీనికి చదవాల్నా?" అన్నది. పిల్ల వచ్చినప్పుడు ఈ మాట తప్పక చెప్పుమని కోరి మూర మల్లెలు కొనుక్కొని వచ్చితిమి.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. ప్రయోగము చేసి చూపుటకు ముందు, ఏమి జరుగునని ప్రతి విద్యార్థి తన ఊహను ఒక చీటిమీద వ్రాసి పేరు పెట్టవలెను. కారణము తోచినచో అదియు వ్రాయవలెను. చీటీలు మడచి డబ్బాలో వేయుదురు. పిదప అందరమును కలసి చూతుము. చూచిన తరువాతనే చీటీలు విప్పుదుము. తప్పు ఊహకు మార్కులు పోవు. ఒప్పు ఊహకు మార్కులు రావు. ఎవరి ఊహను చూచియు ఎవరును నవ్వరాదు. ఈ చివరి షరతును అమలుపరచుటయే అన్నిటికన్న కష్టము. అది మొదట ఉపాధ్యాయుని ముఖముమీదనే మొదలు కావలెను.

ఈ పద్ధతికి జూన్ మాసములో మేము తీసికొను మొదటి పాఠము నీడయే. దానికి కావలసిన సామగ్రి చాల కొద్ది. మీటరు పొడవు గల తిన్నని కఱ్ఱ, దానిని నిలువుగా నిలుపుటకు తాపీపనివారు వాడు గుండుదారము, చదునైన సిమెంటు నేల, సుద్దముక్క, కొలబద్ద. సూర్యుని వంక కన్నెత్తి చూడరాదని ముందే గట్టిగా చెప్పుదుము. చూడవలసినది నేలను మాత్రమే.

ఉత్తరము ఎటున్నదో పుస్తకము నడుగనక్కరలేదు. కఱ్ఱ మొదలు కేంద్రముగా నేలమీద ఒక వలయము గీయుదుము. ఉదయము పొడవుగా నున్న నీడ తగ్గుచు వచ్చి, దాని కొన వలయమును తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నము దాటి నీడ మరల పెరిగి వలయమును తాకిన చోట మరియొక గుర్తు. ఆ రెంటిని కలిపినచో తూర్పు పడమరల గీత వచ్చును. ఈ ఉపాయము మన పూర్వులకు చక్కగా తెలియును. వారు ఆ కఱ్ఱను శంకువనిరి; పండ్రెండు అంగుళముల శంకువు నీడతో లెక్కలు కట్టుట సూర్యసిద్ధాంతములో నున్నది. విషువద్దినమున, అనగా పగలు రాత్రి సమానముగా నుండు దినమున, ఆ శంకువు మధ్యాహ్నపు నీడకు పలభ యని పేరు. తిరుపతిలో పలభ మూడంగుళములకు ఇంచుక తక్కువ. ఒక ఊరి అక్షాంశము ఆ మూడంగుళముల నీడలో దాగియున్నదని తెలిసినప్పుడు పిల్లల కన్నులు విప్పారుట మేము ప్రతి యేటను చూచితిమి.

ఇక చీటీల సంగతి. మధ్యాహ్నము 12 గంటలకు సూర్యుడు ప్రతి దినమును సరిగా నడినెత్తిన నుండునని తరగతిలో ఎక్కువమంది వ్రాయుదురు. "మిట్టమధ్యాహ్నము నడినెత్తిన సూర్యుడు" అను వాడుక మాట వారిచేత అట్లు వ్రాయించును. నీడ అన్నిటికన్న పొట్టిగా నుండు వేళ 12 గంటలని దాదాపు అందరును వ్రాయుదురు. గడియారము సరిచేసికొని కొలిచినచో ఆ వేళ 12 దాటిన తరువాత గాని రాదు. ఏలయన మన గడియారములు నడచు భారతీయ కాలము 82½ డిగ్రీల రేఖాంశమునకు సంబంధించినది. 1906 నుండి అమలులో నున్నది. ఆ రేఖ కాకినాడ ప్రాంతమున పోవును. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమరగా నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున పండ్రెండు నిమిషములు ఆలస్యము. మిగిలిన కొద్ది నిమిషములు భూమి నడకలోని హెచ్చుతగ్గులవలన వచ్చునవి. గడియారము మనుష్యుల ఒప్పందమనియు, మధ్యాహ్నము సూర్యునిదనియు పిల్లలకు అప్పుడు తెలియును.

మీటరు కఱ్ఱకు తిరుపతిలో వచ్చు కొలతలివి. జూన్ 21న మధ్యాహ్నపు నీడ దక్షిణముగా సుమారు 17 సెంటీమీటర్లు. ఆగష్టు 16 ప్రాంతమున సున్న. సెప్టెంబరు 23న ఉత్తరముగా 24 సెంటీమీటర్లు. డిసెంబరు 22న ఉత్తరముగా 75 సెంటీమీటర్ల పైచిలుకు. గోడమీద అంటించిన కాగితముపై పిల్లలే వారమువారము ఈ అంకెలు వ్రాయుదురు. ఋతువులు ఎట్లు వచ్చునని పిదప పాఠము చెప్పునప్పుడు మేము క్రొత్తగా చెప్పవలసినది అతి స్వల్పము. ఎండాకాలమున సూర్యుడు దగ్గరకు వచ్చునని వ్రాసినవారికి, భూమి సూర్యునకు అత్యంత సమీపమున నుండునది జనవరి మొదటి వారములోనని చెప్పినచో, వారు పోట్లాడక ఆ కాగితము వంక చూతురు. డిసెంబరులో నీడ అంత పొడవైనది; ఎండ ఏటవాలుగా వచ్చుచున్నది; అందుచేతనే చలి. తమ చేతితో వ్రాసిన అంకె కనుక వారు దానిని నమ్ముదురు.

సున్న నీడ దినము ఏప్రిల్‌లో వచ్చునప్పుడు బడులు వేసవి సెలవులలో నుండును, లేదా సెలవుల హడావిడిలో నుండును. ఆగష్టులో వచ్చునది మాత్రము బడి దినములలోనిది. తిరుపతిలో 16న, చిత్తూరులో 17, 18 తేదీలలో, కుప్పములో 19న సూర్యుడు నడినెత్తికి వచ్చును. దినమునకు సుమారు 35 కిలోమీటర్ల చొప్పున అతడు దక్షిణమునకు నడచుచున్నాడన్నమాట. పాత చిత్తూరు జిల్లాలోని స్నేహితులగు ఉపాధ్యాయులతో మాటలాడుకొని, ఎవరి బడిలో ఏనాడు నీడ మాయమైనదో ఒకరికొకరము తెలుపుకొనుచుంటిమి. మా పిల్లలకు అదియొక ఉత్సవము వంటిది.

ఒక యేడు మా పూర్వ విద్యార్థి యొకడు హైదరాబాదులో అదే దినమున, అచ్చటి మధ్యాహ్నమున, మీటరు కఱ్ఱ నీడ కొలిచి ఫోనులో చెప్పినాడు: ఉత్తరముగా ఆరున్నర సెంటీమీటర్లు. తిరుపతిలో సున్న, అచ్చట ఆరున్నర. కోణము కట్టగా మూడు డిగ్రీల ముప్పాతికకు కొంచెము తక్కువ వచ్చినది. రెండు పట్టణముల నడుమ ఉత్తర దక్షిణ దూరము పటములో 415 కిలోమీటర్లు. ఆ కొంచెపు కోణమునకు ఇంత దూరమైనచో, 360 డిగ్రీలకు ఎంత? త్రైరాశికము వేయగా 40 వేల కిలోమీటర్ల చిల్లర వచ్చినది. భూమి చుట్టుకొలత అంతియే. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దిలో ఎరటోస్తనీసు అను పండితుడు, ఈజిప్టులో సియీను, అలెగ్జాండ్రియా నగరముల నీడలతో చేసిన లెక్కయు ఇదియే. పిల్లలు చప్పట్లు చరచిరి. అప్పుడు మేము అడిగితిమి: హైదరాబాదులో కొలిచినవాడు రెండు మిల్లీమీటర్లు పొరబడియున్నచో? మరల లెక్క వేసిరి. భూమి 1,200 కిలోమీటర్లు హెచ్చియో తగ్గియో పోయినది. చప్పట్లు ఆగినవి. కొలత అనగా ఎంత బాధ్యతయో నాటి పాఠము.

అన్ని యేండ్లును ఇట్లు జరిగినవని చెప్పము. ఆగష్టు మాసము మబ్బుల కాలము. ఒక యేడు 16వ తేదీన పిల్లలందరు కఱ్ఱ చుట్టును చేరగా, మబ్బు కమ్మి అరగంట విడువలేదు. ఇక ప్రయోగము పోయినదనుకొంటిమి. ఒక కుఱ్ఱవాడు గోడకాగితము తెచ్చి, "పదో తేదీ దక్షిణంగా మూడు సెంటీమీటర్ల చిల్లర ఉంది సార్. ఇరవై రెండున మళ్లీ కొలుద్దాం. అంతే ఉత్తరంగా వస్తే, నడిమధ్య పదహారే గదా" అన్నాడు. 22న ఎండ కాసినది. నీడ ఉత్తరముగా మూడు సెంటీమీటర్ల చిల్లర. చూడనిదానిని చూచినవానినిబట్టి నిర్ణయించుట శాస్త్రములో పెద్ద విద్య. దానిని మేము చెప్పలేదు, మబ్బు చెప్పించినది.

దీనికి కాలమెక్కడిదని తోటి ఉపాధ్యాయులు అడుగుట సహజము. పాఠ్యభాగము ముగింపవలెను, పదవ తరగతి పరీక్ష తలమీద నున్నది, తలిదండ్రులు మార్కులడుగుదురు. ఈ మాటలలో అసత్యము లేదు. ప్రతి పాఠమును ఇట్లు చెప్పుట మాకును సాధ్యము కాలేదు. ఏడాదికి పది పండ్రెండు పాఠములను ఎంచుకొని, చీటీకి ఐదు నిమిషములు, చూచుటకు పదునైదు నిమిషములు కేటాయించితిమి. మిగిలినవి త్వరగా నడపితిమి. కొన్నిటిని పాత పద్ధతిలోనే వ్రాయించితిమి. అయినను ఊహ వ్రాసి చూచిన పాఠమును మరల చెప్పవలసిన పని తక్కువ. వ్రాయించిన పాఠమును మరల మరల చెప్పవలసివచ్చును. లెక్క చూచుకొన్నచో కాలము ఎక్కువ పోయినట్లు తోచదు.

పరికరములు లేవనుట మరియొక మాట. మన సీమలో ఈ దిశగా పనిచేసినవారు కలరు. మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీ వారు పల్లెబడుల పిల్లలు తమంతట తాము నేర్చుకొనుటకు పాఠపు కార్డులు తయారుచేసిరి. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషను వారు కుప్పము చెంత తమ ప్రాంగణములోను, ఊరూర తిరుగు ప్రయోగశాల బండ్లతోను పిల్లలచేత ప్రయోగములు చేయించుచున్నారు. ఆ బండి మన బడికి ఏనాడో ఒకనాడు వచ్చును. సూర్యుడు ప్రతి దినమును వచ్చును. బండి వచ్చిన దినమున గాజుగొట్టముల ముందు నిలిచి అడుగవలసిన ప్రశ్నయు, మిగిలిన దినములలో కఱ్ఱముక్క ముందు నిలిచి అడుగవలసిన ప్రశ్నయు ఒక్కటియే: ఏమి జరుగునని నీవనుకొనుచున్నావు?

తలిదండ్రులతో ఒక మాట. మీ పిల్లవాడు ఇంటికి వచ్చి పెరటిలో కఱ్ఱ పాతెదననిన, చదువు మాని ఆటలేమని గద్దింపకుడు. అతడు తప్పు చెప్పినప్పుడు వెంటనే దిద్దకుడు. ఎందుచేత అట్లనుకొంటివని అడుగుడు. ఆ కారణములో మీ యింటి గోడయో, బావియో, పొయ్యియో ఉండవచ్చును. పిల్లలు ఖాళీ పలకలతో బడికి రారు. ఇంట చూచినదంతయు మోసికొని వత్తురు. దానిని గుమ్మము బయట దింపి రమ్మనుట మేము చేసిన పొరపాటు.

మేము ఉద్యోగము విడుచువరకు ప్రతి జూన్ మాసములోను నీడ పాఠమును ఒకే ప్రశ్నతో మొదలుపెట్టితిమి: ఈ దినములలో మీ వీధిలో మధ్యాహ్నపు వేళ నీడకై ఎవరు ఎచ్చట కూర్చుందురు? ఒకడు చెప్పులు కుట్టువానిని చెప్పును, ఒకతె సోడాబండిని చెప్పును, ఒకడు తన యింటి ఆవును చెప్పును. అవన్నియు నల్లబల్లమీద వ్రాసి, ఎవరు గోడకు ఏ ప్రక్కనున్నారో గుర్తుపెట్టి, పిదప పుస్తకము తెరచుదుము. పూలగంప ప్రక్కన మాత్రము "దక్షిణము" అని మేమే వ్రాయుచుంటిమి.